కొరత మాటలది కాదు

ఆలమూరు కోనసీమ ఊరేనా అని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. మూడింటికీ ఆధారం ఉంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఆలమూరు మండలం అందులో చేరింది. కాబట్టి ప్రభుత్వ లెక్కలో అది కోనసీమే. పటం ముందు పెట్టుకుంటే, గౌతమి, వశిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా సాగే నేలనే కోనసీమ అనడం పాత వాడుక. ఆలమూరు గౌతమికి ఎడమ గట్టున ఉంది, జొన్నాడ దగ్గర వంతెన దాటితేగాని రావులపాలెం రాదు. ఆ లెక్కన అది కోనసీమకు అవతలి గట్టు. కొబ్బరి, అరటి, లంక సాగు, వరద భయం చూసి మాట్లాడేవారికి ఈ గట్టుకూ ఆ గట్టుకూ పెద్ద తేడా కనిపించదు. ఈ ముగ్గురికీ తెలిసిన సమాచారం ఒక్కటే. మొదటివారు ఉత్తర్వును ఉటంకిస్తున్నారు, రెండోవారు హద్దులు గీసి నిర్వచిస్తున్నారు, మూడోవారు పోలికలు చూసి వర్గీకరిస్తున్నారు. తాము చేస్తున్నది ఏ పనో చెప్పకుండా వాదనకు దిగితే ఎంతసేపైనా తెగదు. ఇందులో ఒక్క కఠిన పదం లేదు, నిఘంటువు తిరగేయాల్సిన మాట లేదు. అయినా తెలుగులో శాస్త్రీయంగా రాయడానికి అడ్డేమిటని ఎవరిని అడిగినా ముందుగా వినిపించే జవాబు ఒకటే: మాటలు లేవు.

ఈ అభిప్రాయం రెండు వేషాల్లో తిరుగుతోంది. ఒక పక్షం వారు తెలుగులో పారిభాషిక పదాలు లేవు గనుక పై చదువుల రాతకు అది పనికిరాదని, ఇంగ్లీషే గతి అని అంటారు. రెండో పక్షం వారు తెలుగు అభిమానులు. శాస్త్రీయ రచనకు గంభీరమైన భాష కావాలని, సంస్కృత సమాసాలతో, ‘చేయబడుచున్నది’ వంటి క్రియలతో రాస్తేగాని పరిశోధన వ్యాసానికి ఆ గౌరవం రాదని వారి నమ్మకం. చూడటానికి ఈ రెండూ ఎదురెదురు పక్షాలు. పునాది మాత్రం ఒక్కటే. శాస్త్రీయ రచన అంటే పదజాలం అనే అనుకుంటున్నారు ఇద్దరూ. ఆ పునాదే తప్పు. శాస్త్రీయ రచనను శాస్త్రీయం చేసేది ప్రయోజన స్పృహ. ఈ వాక్యం దేనికోసం రాస్తున్నాను, నమోదు చేయడానికా, నిర్వచించడానికా, కారణం చెప్పడానికా, ఇతరుల మాట అప్పగించడానికా, దాన్ని తూచడానికా, ఏం చేయాలో చెప్పడానికా అన్న ఎరుక. ప్రతి ప్రయోజనానికీ తనదైన భాష ఉంటుంది. ఆ భాష తెలుగులో ఇప్పటికే ఉంది. దాన్ని గుర్తించడం మనం నేర్పడం లేదు.

మాటల కొరత వాదానికి మొదటి దెబ్బ మన చరిత్రలోనే ఉంది. కొరత మాటలదే అయితే, మాటలు సమకూరగానే రచన రావాలి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాలతో పాటు శాస్త్రానికో పారిభాషిక పదకోశం తెచ్చింది. అంతకుముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం వెలువడి, రైతుల నోట ఉన్న వందలాది మాటలను పుస్తకానికెక్కించింది. అరవై ఏళ్లుగా మాటలు అచ్చులో ఉన్నాయి. వాటితో పాటు తెలుగులో భౌతిక శాస్త్ర వ్యాసమో, అర్థశాస్త్ర చర్చో వెల్లువెత్తలేదు. పదకోశం నిండినా రచన రాలేదంటే లోటు మరోచోట ఉందన్నమాట. పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది, అనువాద శాఖను పెట్టుకుని వైద్యం, ఇంజనీరింగు కూడా ఆ భాషలోనే బోధించింది. అక్కడ కూడా మాటలు తయారు చేసుకున్నారు, నిజమే. కానీ ఆ మాటలను తరగతి గదిలో, పరీక్షలో, ప్రయోగశాలలో రోజూ పనిలో పెట్టారు. మన పదకోశాలకు ఆ పని దొరకలేదు.

రెండో దెబ్బ ఇంగ్లీషు నుంచే వస్తుంది. ఇంగ్లీషు విద్యా రచనలో ఏ మాటలు ఎక్కువ వస్తాయో తేల్చడానికి ఆవరిల్ కాక్స్‌హెడ్ 35 లక్షల మాటల పాఠాన్ని లెక్కగట్టి, 2000లో 570 పద కుటుంబాల జాబితా ప్రకటించారు. ప్రపంచమంతా వాడుతున్న జాబితా అది. ఆ 570 కుటుంబాలూ కలిపి ఆ పాఠంలో పదిశాతమే. అందరికీ తెలిసిన రెండు వేల సాధారణ పద కుటుంబాలే నాలుగింట మూడు వంతులు ఆక్రమించాయి. ఏ శాస్త్రానికి ఆ శాస్త్రం వాడుకునే సాంకేతిక పదాలూ, పేర్లూ మిగిలిన భాగంలో సర్దుకున్నాయి. అంటే ఇంగ్లీషు పరిశోధన వ్యాసం కూడా చాలావరకు మామూలు మాటలతోనే నడుస్తోంది. అంతకు పదేళ్ల ముందు, 1990లో, జాన్ స్వేల్స్ పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలను పరిశీలించి అవి మూడు అడుగులుగా సాగుతాయని చూపించారు: రంగాన్ని పరిచయం చేయడం, అందులో ఇంకా పూరించని ఖాళీ చూపడం, ఆ ఖాళీలోకి తాను వస్తున్నానని చెప్పడం. అక్కడ ఆయన గుర్తించింది పదాలను కాదు, పనులను. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలకే దీన్ని ప్రత్యేకంగా నేర్పాల్సి వస్తోంది. మాధ్యమం మార్చినంత మాత్రాన మన పిల్లలకు ఇది అబ్బుతుందనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

మరి మన దృష్టి పదం మీదే ఎందుకు ఆగిపోయింది? దానికి కారణం మన గద్య చరిత్రలోని అతి పెద్ద తగాదాలో ఉందని నా అభిప్రాయం. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు వ్యాసరచనకు ఏ భాష ఉండాలో తేల్చడానికి సంఘం వేసిన రోజులవి. గ్రాంథిక పక్షానికి నాయకుడు జయంతి రామయ్య పంతులు, ఈ గోదావరి డెల్టాలోని ముక్తేశ్వరంలో పుట్టినవారు, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును నిలబెట్టినవారు. వ్యావహారిక పక్షాన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. ఈ తగాదా మూడు పత్రాలను మిగిల్చింది. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం రాశారు. అదే ఏడు రామయ్య పంతులు గ్రంథభాషకు సమర్థన రాశారు. 1914లో గురజాడ సంఘం నిర్ణయంతో విభేదిస్తూ అసమ్మతి పత్రం సమర్పించారు. మూడూ ఇంగ్లీషులోనే ఉన్నాయి, చదవాల్సినవారు విశ్వవిద్యాలయం వారు గనుక. విషయం మూడింటికీ ఒకటే. ప్రయోజనాలు మాత్రం మూడు. మెమొరాండం వాస్తవాలు పేర్చి నిర్ణయించేవారి ముందు పెడుతుంది. సమర్థన ఎదుటివారి వాదాన్ని ఎత్తి చెప్పి దాన్ని తిప్పికొడుతుంది. అసమ్మతి పత్రం ఒక నిర్ణయం ఎందుకు తప్పో తేల్చి, తన తీర్పును నమోదు చేస్తుంది. పత్రం పేరులోనే ఆ పని ఏమిటో ఉంది. మనం ఆ మూడు పత్రాల నుంచి నేర్చుకోవాల్సింది ఇది. మిగుల్చుకున్నది మాత్రం ‘చేసినాడు’ ఒప్పా ‘చేశాడు’ ఒప్పా అన్న ప్రశ్న. మొదట గ్రాంథికానిదే పైచేయి అయింది. కొన్ని దశాబ్దాలకు పత్రికలు, ఆ తరవాత పాఠ్యపుస్తకాలు వ్యావహారికానికి వచ్చాయి. గెలిచిన పక్షమూ ఓడిన పక్షమూ కూడా మాట రూపం తేలితే గద్యం తేలినట్టేనని తరవాతి తరాలకు నేర్పి వెళ్లాయి.

గిడుగు తన రాతలో ఆ పొరపాటు చేయలేదు. కవుల ప్రయోగాలు వెతికి తీసి, వ్యాకరణ సూత్రాలకు అవి ఎక్కడ ఒదగడం లేదో చూపినప్పుడు ఆయన భాష వాదించే భాష. ఫలానా ప్రయోగం ఉంది, సూత్రం కాదంటోంది, కాబట్టి సూత్రమే చాలదు అన్న వరస అది. అదే మనిషి 1931లో మద్రాసు నుంచి సవర భాష మీద మాన్యువల్ వెలువరించారు. అందులో ఎవరినీ ఓడించే పని లేదు. ధ్వనులు ఎలా ఉన్నాయి, మాటలు ఎలా మారతాయి, వాక్యం ఎలా కుదురుతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. అంత తీవ్రంగా వాదించగలిగిన పండితుడు వర్ణనకు వచ్చేసరికి వాదం పక్కన పెట్టాడు. ఆయన పాండిత్యంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదేనని నేను అనుకుంటాను. వ్యావహారికానికి ఆయన్ను ఆద్యుడిగా ఏటా తలచుకునే సభల్లో ఈ సంగతి ఎత్తేవారు తక్కువ.

ప్రయోజనాన్ని బట్టి భాష మారుతుందన్న మాట తెలుగులో ఎలా నిలుస్తుందో దగ్గరగా చూద్దాం. ఆలమూరు మండలంలోని బడుగువానిలంక, చెముడులంక వంటి ఊళ్లకు తెలిసిన విషయం, వరద, తీసుకుందాం. ‘2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది’ అన్నది నమోదు. తేదీ, చోటు, అంకె, భూతకాల క్రియ ఉంటే చాలు, విశేషణం అక్కర్లేదు. ‘ఏటిలో ఒండ్రు మేటవేసి ఏర్పడిన నేలను లంక అంటారు’ అన్నది నిర్వచనం. దానికి కాలం లేదు, ‘అంటారు’తో ముగుస్తుంది. ‘వరద పెరిగేకొద్దీ నీరు ముందు పల్లపు దారుల్లోకి వస్తుంది, ఆ తరవాత తోటల్లోకి ఎక్కుతుంది’ అన్నది ప్రక్రియా వర్ణన. ‘కొద్దీ’, ‘ముందు’, ‘తరవాత’ దాని ఆనవాళ్లు. ‘నానిన గట్టుకు ఏటినీటి ఆసరా పోగానే అది జారుతుంది, అందుకే వరద తీసేటప్పుడు కోత ఎక్కువ’ అన్నది కారణం చెప్పడం. ‘1986 ఆగస్టులో వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022లో అంత రాలేదు. అయినా ఒక లంకలో ఈసారే ఎక్కువ నేల తెగిందంటే, ప్రవాహం దిశ మారి ఉండవచ్చు’ అన్నది అనుమానం. ‘అంటే’, ‘ఉండవచ్చు’ లేకపోతే ఆ వాక్యం అబద్ధమవుతుంది. ‘వరద తగ్గిన వెంటనే గట్టు కొలతలు తీయాలి’ అన్నది సిఫార్సు. ఈ వాక్యాలన్నిటిలో సాంకేతిక పదం క్యూసెక్కు ఒక్కటే. అది ఊళ్లో వరద వార్తలు వినే ప్రతివారికీ తెలుసు, మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షల దగ్గర ఎగరేస్తారని కూడా తెలుసు. శాస్త్రీయత వాక్యం చివరి క్రియలో, వాక్యాలను కలిపే చిన్న మాటల్లో ఉంది.

మన వ్యాసాల జబ్బు కూడా అక్కడే దొరుకుతుంది. వరద వచ్చింది, నష్టం జరిగింది అని రెండు వాక్యాలు రాసి, మూడో వాక్యంలో ‘తగు చర్యలు తీసుకోవాలి’ అని దూకేస్తాం. నమోదు నుంచి సిఫార్సుకు నేరుగా వెళ్లడానికి దారి లేదు. నడుమ కారణం ఉండాలి, కారణానికి ఆధారం ఉండాలి, వేరే కారణం ఎందుకు కాదో చెప్పాలి. ఆ నడిమి వాక్యాలు రాయడానికి పదకోశం ఏమీ సాయపడదు. గంభీర భాష వాదులు మెచ్చే ‘బడు’ ప్రయోగానిదీ ఇదే కథ. ‘నమూనాలు ఎండబెట్టబడ్డాయి’ అని ప్రయోగ పద్ధతిలో రాస్తే తెలుగు చెవికి కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా శాస్త్రానికి నష్టం లేదు. ఎవరు ఎండబెట్టినా ఫలితం ఒకటే. ‘మురుగు కాలువల పూడిక తీయబడలేదు’ అన్నచోట మాత్రం అదే రూపం తప్పు చేసినవారికి కవచమవుతుంది. ఎవరు తీయాలి, ఎందుకు తీయలేదు అన్నదే అక్కడ విషయం. కర్తను దాచడం ఒకచోట నిష్పాక్షికత, మరోచోట తప్పించుకోవడం. ఏది ఏదో ప్రయోజనం చెబుతుంది, పద గాంభీర్యం చెప్పదు. ఇంకొకటి. మాట్లాడేటప్పుడు తెలుగువారు చూసిన సంగతినీ విన్న సంగతినీ కలపరు. ‘గట్టు తెగింది’ వేరు, ‘గట్టు తెగిందట’ వేరు. చదువురాని మనిషి కూడా ఈ తేడా పాటిస్తాడు. రాతలోకి వచ్చేసరికి ఆ జాగ్రత్త పోతుంది. ఫలానా పండితుడు ‘అన్నారు’, ‘భావించారు’, ‘వాదించారు’, ‘నిరూపించారు’ అన్న నాలుగు క్రియలనూ వాక్యం వినసొంపుగా ఉండటానికి మార్చి మార్చి వాడేవారున్నారు. ‘నిరూపించారు’ అని రాసిన క్షణం ఆ వాదాన్ని మీరు ఒప్పేసుకున్నట్టే. ఆ తరవాతి పేజీలో దాన్ని ఖండించే హక్కు మీకు ఉండదు.

ఇదంతా పడమటి దేశాల నుంచి తెచ్చిన కొత్త బోధన అనేవారికి మన శాస్త్ర సంప్రదాయమే జవాబు. వేద పండితులకు పేరుపడ్డ ఈ డెల్టా అగ్రహారాల్లో శాస్త్రం చదివినవారందరికీ అనుబంధ చతుష్టయం తెలుసు. గ్రంథం మొదలుపెట్టేముందు విషయమేమిటో, ప్రయోజనమేమిటో, గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటో, ఇది చదవడానికి అధికారి ఎవరో చెప్పాలి. వార్తికం అనే రచనా భేదానికి లక్షణమే దాని పని. మూలం చెప్పినదాన్నీ, చెప్పక వదిలినదాన్నీ, తప్పుగా చెప్పినదాన్నీ పరిశీలించేది వార్తికం. పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పడం ఆ లోకంలో మర్యాద కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో చివరి అధికరణం మొత్తం శాస్త్రగ్రంథం నిర్మించే 32 తంత్రయుక్తుల గురించే. అది సంస్కృతం, తెలుగు కాదు కదా అంటారా? పదో తరగతి తెలుగు వాచకం తీయండి. ప్రతిపదార్థం, భావం, విశేషాలు అని మూడు పనులు. ప్రతిపదార్థంలో మాటకు మాట పెట్టడమే, సొంత అభిప్రాయం తగదు. భావంలో పద్యాన్ని కుదించి చెప్పాలి. విశేషాలలో అలంకారమో, వ్యాకరణ విశేషమో పట్టి చూపాలి. ఈ మూడింటి భాష వేరువేరని పదిహేనేళ్ల పిల్లవాడికి ఎవరూ సిద్ధాంతం చెప్పలేదు. అయినా అతడు కలపడు. ఇంత తెలిసిన పిల్లవాడు కళాశాలకు వెళ్లి ‘వివరించండి’, ‘చర్చించండి’, ‘సమీక్షించండి’ అన్న మూడు ప్రశ్నలకూ గైడులోని ఒకే జవాబు అప్పజెబుతున్నాడు. పద్యం దగ్గర నేర్పింది గద్యం దగ్గర మనం వదిలేశాం.

ఎదురయ్యే అభ్యంతరాల్లో రెండింటికి బరువుంది. మొదటిది, కొత్త రంగాల్లో తెలుగు మాట నిజంగానే లేదని. ఉంది అని నేను అనను. జన్యుశాస్త్రంలోనో, కంప్యూటర్ శాస్త్రంలోనో వందల పదాలు ఇంగ్లీషువే వాడాల్సి వస్తుంది. వాడండి, తెలుగు లిపిలో వాడండి. పొలం గట్టు మీద ట్రాక్టరు, మోటారు, ఆసుపత్రిలో స్కానింగు ఎలా కలిసిపోయాయో అవీ అలాగే కలుస్తాయి. నామవాచకం ఎక్కడిదైనా వాక్యాన్ని నడిపేది తెలుగు క్రియే. అప్పు తెచ్చుకోలేనివి ‘బట్టి’, ‘గనుక’, ‘అయినప్పటికీ’, ‘ఉండవచ్చు’ వంటివి. అవి మన దగ్గర పుష్కలంగా ఉన్నాయి. రెండో అభ్యంతరం మరింత గట్టిది. పరిశోధన పత్రికలు ఇంగ్లీషువి, ఉద్యోగాలు ఇంగ్లీషువి, తెలుగులో నేర్చుకుని ఏం లాభం అని తల్లిదండ్రులు అడుగుతారు. వారి ఆందోళన న్యాయమైనదే, ఇంగ్లీషు వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే నిర్వచనానికీ వర్ణనకూ, విన్నదానికీ తేల్చినదానికీ తేడా పట్టుకోవడం భాష మారితే పోయే నేర్పు కాదు. తాను బాగా ఎరిగిన భాషలో ఆ తేడా పట్టలేని విద్యార్థి, సగం అర్థమయ్యే భాషలో దాన్ని పట్టే అవకాశం ఇంకా తక్కువ. అక్కడ అతడు చేయగలిగింది కంఠతా పట్టడమే. మన ఇంగ్లీషు సిద్ధాంత వ్యాసాల్లో అరువు వాక్యాలు అంతగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నేను నమ్ముతున్నాను.

ఇలా విడదీసి నేర్పితే శైలి చచ్చిపోతుందని సాహిత్యకారులు అంటారు. చచ్చిపోదు. తాను ఏ పని చేస్తున్నాడో తెలిసిన రచయితకే దాన్ని దాటి వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది.

చేయాల్సిన పని పెద్దది కూడా కాదు, ప్రశ్నపత్రం తయారుచేసేవారి చేతిలో ఉంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఎకరానికి పెట్టుబడి ఇంత, కూలి ఇంత, ధాన్యానికి వచ్చే ధర ఇంత, కాబట్టి నాట్లు వేయడం కంటే వేయకపోవడమే నయం అని వారు చెప్పింది ఆధారంతో కూడిన వాదం. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసి కారణాలు విచారించమంది. డిగ్రీ పరీక్షలో ఈ ఒక్క ఉదంతం ఇచ్చి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. జరిగింది నమోదు చేయండి. పంట విరామం అంటే ఏమిటో నిర్వచించి, సమ్మెతో పోల్చండి. రైతుల వాదాన్ని వారి మాటగా, మీ అభిప్రాయం కలపకుండా చెప్పండి. ఆ వాదంలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు, ఎందుకు? మూల్యాంకనం చేసే అధ్యాపకుడికి సూచన కూడా ఒకటే ఉండాలి. సమాచారానికి సగం మార్కులు, అడిగిన పనికి తగిన భాషకు మిగతా సగం. నాలుగు ప్రశ్నలకూ ఒకే జవాబును తిప్పి తిప్పి రాసిన విద్యార్థికి, ఆ జవాబు ఏ ప్రశ్నకు సరిపోతుందో దానికే మార్కులు వేయాలి.